ఫోను నిద్రించినపుడు వైఫై ఏమగును?

గత వేసవిలో నా విద్యార్థి యొకడు ఒక సమస్యతో మా యింటికి వచ్చెను. అతని తండ్రి గుండెజబ్బుతో మంచము పట్టియుండెను. అన్నగారు అమెరికాలో ఉద్యోగము చేయుచుండెను. మనకు అర్ధరాత్రి యగునప్పటికి అచట పగలు. తండ్రి క్షేమము విచారించుటకు ఆయనకు తీరిక చిక్కునది అప్పుడే. వారిది మందమైన రాతిగోడల యిల్లు. లోపల మామూలు ఫోను సంకేతము అందదు. అందువలన మాటలన్నియు వైఫై మీదనే జరుగవలెను.

చిక్కు ఏమనగా, తల్లి ఫోను చేతబట్టుకొని కూర్చున్న రాత్రులలో పిలుపు వచ్చును. ఆమె ఫోను బల్లమీద పెట్టి కన్ను మూసిన రాత్రులలో రాదు. తెల్లవారి తెర వెలిగించగానే మూడు నాలుగు పిలుపులు తప్పిపోయినట్లు ఒక్కసారి కనబడును. పాపము, ఆమె నిద్రమాని, నాలుగు నిమిషముల కొకసారి తెరను తాకుచు కూర్చుండుట అలవాటు చేసికొనెను. “రౌటరు పాడైపోయింది మాస్టారూ, కొత్తది కొనమంటారా?” అని కుర్రవాడు అడిగెను.

కొనుటకు ముందు ఆలోచింతము. తల్లి మేలుకొనియున్నపుడు రౌటరు బాగుగా పనిచేయుచు, ఆమె నిద్రించగానే చెడిపోవునా? మారినది రౌటరు కాదు, ఫోను. తెర ఆరిన కొంతసేపటికి ఫోనుకూడ నిద్రించుచున్నది. ఆ నిద్ర యెట్టిదో తెలిసికొన్నచో లోపము చిక్కును.

నిద్ర యెందులకు?

ఫోనులోని నిస్తంత్రి గ్రాహకము ఎల్లవేళల చెవి యొగ్గి యుండుటకు విద్యుత్తు ఖర్చగును. వార్త వచ్చినను రాకున్నను ఆ ఖర్చు తప్పదు. అందుచే 1997లో వెలువడిన తొలి వైఫై ప్రమాణములోనే నిద్రించుటకు ఏర్పాటు కలదు.

పూర్వము పల్లెలలో దండోరా వేయువాడు వీధి మొగలో నిలిచి కేక వేసెడివాడు. రౌటరు చేయునదియు అదియే. అది సాధారణముగా 102.4 మిల్లీసెకనుల కొకసారి, అనగా సెకనునకు ఇంచుమించు పదిసార్లు, ఒక చిన్న ప్రకటన చేయును. ఫోను నిద్రకు పోవుటకు ముందు ఆ సంగతి రౌటరునకు తెలుపును. అప్పటినుండి ఆ ఫోనునకు వచ్చిన వార్తలను రౌటరు తనవద్ద నిలిపి యుంచి, “ఫలానా వారికి వార్త కలదు” అని తన ప్రకటనలో చేర్చును. ఫోను ప్రకటన వేళకు లేచి వినును. తన పేరున్నచో వార్తను అడిగి తెప్పించుకొనును. లేనిచో మరల నిద్రించును.

ఇందలి లాభము లెక్కించి చూడుడు. ప్రతి ప్రకటనకు గ్రాహకము 2 మిల్లీసెకనులు మేలుకొనుననుకొందము. 102.4లో 2 అనగా నూటికి రెండు పాళ్లకంటె తక్కువ. మూడు ప్రకటనల కొకసారి లేచినచో 307.2లో 2, అనగా నూటికి 0.65 పాళ్లు మాత్రమే.

ఈ లెక్కలో మరియొక విషయము దాగియున్నది. ఈ నిద్రవలన వార్త ఆలస్యమగునది సెకనులో కొంత భాగము మాత్రమే. మన కుర్రవాని యింట పిలుపు గంటలకొలది ఆలస్యమగుచున్నది. కనుక కారణము వేరొకచోట నుండవలెను.

మూడు అంతస్తులు

వైఫై సంబంధమనునది ఒకే ముడి కాదు. మొదటిది ఫోనునకు, రౌటరునకు నడుమ గల తరంగ బంధము. రెండవది రౌటరు ఫోనునకు కొంత గడువుతో అద్దె కిచ్చు చిరునామా. మూడవది ఫోనులోని అప్లికేషనునకు, ఎక్కడనో యున్న సర్వరునకు గల సంబంధము. ఈ మూడింటిలో ఏది తెగినను మనము “వైఫై పోయినది” అనియే అందుము.

మొదటి బంధము తెగుటకు ఒక కారణము తాళపు మార్పిడి. అందరికి కలిపి పంపు ప్రకటనలను రౌటరు ఒక ఉమ్మడి తాళముతో మూసి పంపును. దొంగలకు చిక్కకుండుటకై దానిని అప్పుడప్పుడు మార్చును. అనేక రౌటర్లలో 3600 సెకనుల కొకసారి. కొత్త తాళము ముట్టినదని ఫోను బదులు చెప్పవలెను. గాఢనిద్రలో నుండి బదులు చెప్పనిచో రౌటరు దానిని జాబితానుండి తొలగించును. సంబంధము సరిగా గంట కొకసారి తెగుచున్నచో దీనిని అనుమానింపవలెను.

రెండవదియగు చిరునామాకు 24 గంటల గడువున్నదనుకొందము. సగము గడువు, అనగా 12 గంటలు, గడవగానే ఫోను దానిని పొడిగింపుమని అడుగును. బదులు రానిచో 21 గంటలవద్ద ఏ సర్వరైనను సరే ఇమ్మని అడుగును. గడువు ఒక గంటయే యున్నచో, ఫోను నిద్రలో నుండగానే అది తీరిపోవచ్చును. అప్పుడు వైఫై గుర్తు కనబడుచున్నను ఇంటర్నెట్ పనిచేయదు.

మూడవదానికి ఫోనును నడపు వ్యవస్థయే కర్త. 2015లో వెలువడిన ఆండ్రాయిడ్ 6లో డోజ్ అను ఏర్పాటు వచ్చెను. తెర ఆరి, ఛార్జరు లేక, కదలక పడియున్న ఫోనులో అప్లికేషనుల ఇంటర్నెట్ రాకపోకలను ఇది ఆపివేయును. మధ్యమధ్య కొద్దిసేపు వదలును. కాలము గడచినకొలది ఆ విడుపుల నడుమ దూరము పెంచును. అత్యవసర సందేశములకు మాత్రము ఒక దారి విడిచియుంచును. అయితే కొన్ని కంపెనీల ఫోనులు ఇంతకంటె కఠిన నియమములు పెట్టి, వాడని అప్లికేషనులను పూర్తిగా మూసివేయును. అప్పుడు తలుపు తట్టినను లోపల పలుకువాడుండడు.

పరీక్షించు విధము

ఇచట ఒక మెలకువ కలదు. “నిద్రలో ఏమగుచున్నదో చూతము” అని ఫోనును చేతికి తీసికొన్నచో అది మేలుకొనును; లోపము మాయమగును. కనుక ఫోనును తాకక, వేరొక కంప్యూటరునుండి చూడవలెను. ఒకసారికి ఒక్క అంశమునే మార్చవలెను.

కుర్రవానికి మూడు రాత్రుల పని చెప్పితిని. మొదటి రాత్రి ఏమియు మార్చక, తెర ఆరిన రెండు గంటలకు రౌటరు పేజీలో “ఇప్పుడు కలిసియున్నవి” అను జాబితా చూడవలెను. చిరునామాల అద్దె జాబితా చూచిన ప్రయోజనము లేదు. వెళ్లిపోయిన ఫోను పేరుకూడ గడువు తీరువరకు అందుండును. తరువాత కంప్యూటరునుండి ఫోనునకు నాలుగైదు పింగులు మాత్రమే పంపవలెను. ఎక్కువ పంపిన ఫోను నిద్ర చెడును. రెండవ రాత్రి ఫోనును ఛార్జరునకు తగిలించి యుంచవలెను. మూడవ రాత్రి ఛార్జరు తీసివేసి, బ్యాటరీ అమరికలలో ఆ పిలుపుల అప్లికేషను ఒక్కదానికి ఆంక్షలు తొలగించవలెను.

ఫలితములు ఇట్లుండెను. మొదటి రాత్రి ఫోను రౌటరు జాబితాలో నుండెను. పింగునకు ఆలస్యముగానైనను బదులిచ్చెను. పిలుపు మాత్రము మ్రోగలేదు. అనగా మొదటి రెండు ముడులు గట్టివే. రెండవ రాత్రి ఛార్జరుపై పిలుపు మ్రోగెను. దీనివలన బ్యాటరీ పొదుపే కారణమని తోచెను. మూడవ రాత్రి ఛార్జరు లేకున్నను మ్రోగెను. లోపము మూడవ అంతస్తులోనిదని రూఢియయ్యెను. కొత్త రౌటరు కొన్నచో డబ్బు పోయెడిది, చిక్కు మిగిలెడిది.

మొదటి రాత్రియే ఫోను జాబితాలో లేకున్నచో దారి వేరు: రౌటరు సాఫ్ట్‌వేరును కొత్తది చేసి, తాళము మార్చు వ్యవధి పెంచి చూడవలెను. జాబితాలో నుండియు, ఫోను మేలుకొన్న పిమ్మటకూడ ఇంటర్నెట్ రానిచో చిరునామా గడువు చూడవలెను. విండోస్ ల్యాప్‌టాపులలో నయితే, పొదుపుకై వైఫై పరికరమును ఆపివేయుటకు కంప్యూటరునకు అనుమతి నిచ్చు గుర్తును తొలగించి చూడవచ్చును.

ఒక హెచ్చరిక. అన్ని అప్లికేషనులకు ఆంక్షలు తొలగించినచో బ్యాటరీ త్వరగా తరిగిపోవును. అవసరమైన ఒక్కదానికే చాలును. ప్రాణముతో ముడిపడిన వార్తకు ఒకే దారిని నమ్మరాదు. అందుచే మామూలు ఫోను సంకేతము అందు వసారాలో మరియొక ఫోనునుకూడ ఉంచుకొమ్మని వారికి చెప్పితిని.

ఉపాధ్యాయులు ఈ పరీక్షను తరగతిలో చేయింపవచ్చును. మేలుకొన్న ఫోను పింగునకు ఎన్ని మిల్లీసెకనులలో బదులిచ్చెనో, నిద్రించిన ఫోను ఎన్నింటిలో నిచ్చెనో విద్యార్థులచే వ్రాయించి, ఆ భేదమును 102.4తో పోల్చి చూపుడు. కంటికి కనబడని దండోరా వారికి అంకెలలో కనబడును.

వారము దినముల పిమ్మట కుర్రవాడు మరల వచ్చెను. “అమ్మ ఇప్పుడు పడుకుంటోంది మాస్టారూ, మోగితే లేస్తోంది” అనెను.