రెండు ఓఎస్‌లు, ఒకే డిస్క్: పార్టిషన్ తెరుచుకోకపోతే?

కోల్‌కతాలో ల్యాప్‌టాప్ మొరాయిస్తే చాలామంది చాందినీ చౌక్ దారి పడతారు. అయితే విండోస్, లినక్స్ రెండూ ఉన్న కంప్యూటర్‌లో డేటా పార్టిషన్ తెరుచుకోకపోతే, ఫార్మాట్‌కు ఒప్పుకునే ముందు ఒక విషయం చూసుకోవాలి.

2012లో విండోస్ 8తో ‘ఫాస్ట్ స్టార్టప్’ వచ్చింది. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. తన స్థితిని డిస్క్‌లో దాచుకుని నిద్రపోతుంది. ఈలోగా లినక్స్ అదే పార్టిషన్‌లో ఫైళ్లు రాస్తే, విండోస్ మేల్కొన్నాక పాత లెక్కలనే నమ్ముతుంది. ఫైళ్లు చెడిపోయేది అక్కడే. అందుకే లినక్స్ చాలాసార్లు అలాంటి పార్టిషన్‌ను చదవడానికి మాత్రమే తెరుస్తుంది. అది లోపం కాదు, రక్షణ.

ముందుగా ఆ పార్టిషన్‌లో కొత్తగా ఏదీ రాయకూడదు. ముఖ్యమైన ఫైళ్లను లైవ్ యూఎస్‌బీ సాయంతో వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. ఆ తర్వాతే విండోస్‌లో ‘చెక్‌డిస్క్’ నడపాలి. లినక్స్‌లోని ‘ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్’ కొన్ని చిన్న లోపాలనే సరిచేస్తుంది; చెక్‌డిస్క్‌కు అది ప్రత్యామ్నాయం కాదు. చివరగా ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేస్తే సమస్య మళ్లీ తలెత్తే అవకాశం తగ్గుతుంది.

హార్డ్ డిస్క్ నుంచి టక్‌టక్‌మని శబ్దం వస్తుంటే మాత్రం ఇవేవీ ప్రయత్నించకూడదు. కంప్యూటర్ ఆపేసి డేటా రికవరీ నిపుణులకు అప్పగించడమే మేలు.