మందు కన్నా ముందు వెచ్చదనం

హోసూరు: సుమారు 900 మీటర్ల ఎత్తున్న ఊరు. డిసెంబరు, జనవరిల్లో ఇక్కడ మనుషులే గజగజలాడతారు. ఇక 12 గ్రాముల జీబ్రా ఫించ్ సంగతి చెప్పాలా? ఆస్ట్రేలియా మూలమున్న ఈ పిట్ట జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. (కృష్ణగిరి చేలల్లో తిరిగే మునియాలను పట్టి పెంచడం మాత్రం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.) ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుందంటే ముదిరిందన్నమాటే.

వెంటనే చిన్న పెట్టెలోకి మార్చండి. ఒక పక్కనే బల్బు వేడి తగలాలి. 30 డిగ్రీలు చాలు. ఎక్కువైతే అవతలికి జరిగేందుకు చోటుండాలి. కొర్రలు, నీళ్లు ముక్కు దగ్గరే పెట్టండి. నోట్లో పోయొద్దు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మనం వేసుకునే మాత్రలు నూరి పెట్టేవాళ్లున్నారు, మోతాదు తప్పితే విషమే. ఒక్కరోజు మేత మానినా ప్రాణం మీదికొస్తుంది. తెల్లారగానే రెట్ట పడిన కాగితంతో సహా పశువైద్యుడికి చూపించాలి.

తేరుకున్నా తొందరొద్దు. వేడిని రోజుకింత తగ్గిస్తూ వచ్చి, గింజ ఒలుచుకు తింటోందని చూశాకే మళ్లీ జంట పక్కన వదలాలి.