అభివృద్ధి పరిసరం: సొంత కంప్యూటర్ నుంచి క్లౌడ్‌కు

ఈ విభాగం చదివిన తరవాత మీరు అభివృద్ధి పరిసరం అంటే ఏమిటో నిర్వచించగలుగుతారు. దాన్ని క్లౌడ్‌కు ఎందుకు, ఎలా తరలిస్తారో వివరించగలుగుతారు. క్లౌడ్ పరిసరానికి ఉన్న పరిమితులను గుర్తించగలుగుతారు.

1. అభివృద్ధి పరిసరం అంటే ఏమిటి?

ప్రోగ్రాము రాయడానికి ఎడిటర్ ఒక్కటే చాలదు. కంపైలర్ లేదా ఇంటర్‌ప్రెటర్, లైబ్రరీలు, డేటాబేస్, సెట్టింగులు కూడా కావాలి. వీటన్నింటినీ కలిపి అభివృద్ధి పరిసరం అంటారు.

మీ కంప్యూటర్‌లో పైథాన్ 3.8, మీ సహాధ్యాయి కంప్యూటర్‌లో పైథాన్ 3.12 ఉన్నాయనుకోండి. ఆయన 'మ్యాచ్' స్టేట్‌మెంట్ వాడి ప్రోగ్రాము రాశారు. అది ఆయన దగ్గర నడుస్తుంది, మీ దగ్గర సింటాక్స్ ఎర్రర్ చూపిస్తుంది. ఎందుకంటే ఆ స్టేట్‌మెంట్ పైథాన్ 3.10 నుంచే ఉంది. ఇక్కడ తప్పు ప్రోగ్రాములో లేదు, పరిసరాల తేడాలో ఉంది.

2. తరలింపు ఎలా జరుగుతుంది?

ఏ భాష, ఏ వెర్షన్, ఏ లైబ్రరీలు కావాలో ఒక ఫైలులో రాసి, దాన్ని ప్రోగ్రాముతో పాటు రిపాజిటరీలోనే ఉంచుతారు. 'డెవ్‌కంటైనర్.జేసన్' అలాంటి ఫైలు. క్లౌడ్‌లోని యంత్రం ఈ ఫైలును చదివి, దాని ప్రకారం ఒక కంటైనర్‌ను తయారుచేస్తుంది. మీరు బ్రౌజర్ ద్వారా అందులో పనిచేస్తారు. కంపైల్ చేసే భారం క్లౌడ్ యంత్రానిది కనుక, తక్కువ మెమరీ ఉన్న పాత ల్యాప్‌టాప్ అయినా సరిపోతుంది.

3. ఒక ఉదాహరణ

గిట్‌హబ్ సంస్థ తన ఇంజనీర్ల పనిని 'కోడ్‌స్పేసెస్' అనే తన క్లౌడ్ సేవకు మార్చినట్లు 2021లో వెల్లడించింది. దాని ప్రధాన రిపాజిటరీ పరిమాణం దాదాపు 13 గిగాబైట్లు. క్లోన్ చేయడానికే 20 నిమిషాలు పట్టేది. మొదట క్లౌడ్‌లో కూడా పరిసరం సిద్ధం కావడానికి 45 నిమిషాలు పట్టింది. పాత చరిత్ర అంతా తీసుకోకుండా క్లోన్ చేయడం, లైబ్రరీలను ముందే అమర్చి ఉంచడం వంటి మార్పులతో అది 5 నిమిషాలకు తగ్గింది. పరిసరాలను ముందుగానే తయారుచేసి ఉంచడంతో 10 సెకన్లకు చేరింది. దీన్నిబట్టి, యంత్రాన్ని మార్చినంత మాత్రాన వేగం రాదని, ముందస్తు తయారీ వల్లనే వస్తుందని గ్రహించాలి.

4. పరిమితులు

ఇంటర్నెట్ లేకపోతే పని ఆగిపోతుంది. వాడకానికి లెక్క ఉంటుంది. కోడ్‌స్పేసెస్‌లో వ్యక్తిగత ఉచిత ఖాతాకు నెలకు 120 కోర్-గంటలు లభిస్తాయి. రెండు కోర్ల యంత్రం వాడితే అది 60 గంటల పనికి సమానం. మీరు సెట్టింగు మార్చకపోతే, 30 నిమిషాలు కదలిక లేని పరిసరం తనంతట తానే ఆగుతుంది. ఆగిన తరవాత 30 రోజులు తెరవకపోతే అది తొలగిపోతుంది.

ఇక్కడే విద్యార్థులు పొరబడతారు. 'కమిట్' చేసిన పని కూడా ఆ పరిసరంలోనే ఉంటుంది. 'పుష్' చేస్తేనే రిపాజిటరీకి చేరుతుంది. పరీక్షలకని నెలపైన ప్రాజెక్టును పక్కన పెట్టి వచ్చేసరికి, పుష్ చేయని పని మిగలకపోవచ్చు. కాబట్టి ప్రతిరోజూ పని ముగించే ముందు పుష్ చేయండి, యంత్రాన్ని మీరే ఆపండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1) నాలుగు కోర్ల యంత్రం వాడితే 120 కోర్-గంటలు ఎన్ని గంటల పనికి సరిపోతాయి?
2) కమిట్‌కూ పుష్‌కూ ఉన్న తేడా క్లౌడ్ పరిసరంలో ఎందుకు ముఖ్యం?