బస్సా, బండా? మనసు వేసే లెక్కలు

బస్సుకోసం నిలబడని విద్యార్థి మన హైదరాబాదులో ఉంటాడా? పొద్దున్న ఎనిమిదిన్నరకి సికింద్రాబాదు స్టేషను ఎదుట పది నిమిషాలు నిలబడితే అరగంట అయినట్టుంటుంది. అదే బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందా, ఆ పది నిమిషాలూ ఇట్టే గడిచిపోతాయి.

ప్రయాణీకుల మనస్తత్వాన్ని పరిశీలించినవాళ్లు చెప్పేదీ ఇదే: బస్సులో గడిపే నిమిషం కంటే బస్సుకోసం చూసే నిమిషం బరువెక్కువ. నిరీక్షణ గురించి 1985లో డేవిడ్ మైస్టర్ ఒక వ్యాసం రాశారు. ఏ పనీ లేని కాలమూ, ఎంతసేపో తెలియని కాలమూ పొడుగ్గా తోస్తాయన్నారు. మన బస్టాపులో ఈ రెండూ ఉన్నాయి. ఇరవై నిమిషాలకి బస్సు వస్తుందని రూఢిగా తెలిస్తే మనిషి వెళ్లి టీ తాగి వస్తాడు. తెలియకపోతే ఐదో నిమిషానికే ఆటోకి చెయ్యెత్తుతాడు. 2017 నవంబరులో మొదలైన మన మెట్రోలో, తర్వాతి రైలు ఎన్ని నిమిషాల్లో వస్తుందో చూపే బోర్డు ఉంది. దానివల్ల రైలు ముందుగా రాదు. అయినా మనకు కాస్త నెమ్మది.

ఇక డబ్బు సంగతి. టిక్కెట్టుకి రోజూ జేబులో చెయ్యి పెట్టాలి. స్కూటరుకి పెట్రోలు వారానికోసారి పోయిస్తాం. టైర్ల అరుగుదల, ఇన్సూరెన్సు, అప్పు వాయిదా ఏ రోజు ప్రయాణం ఖాతాలోనూ పడవు. అందుకే సొంత బండి చవకనిపిస్తుంది. పాసు మహిమ దీనికి తలకిందులు: ఒకసారి కట్టేశామా, ఇక ప్రతి ప్రయాణం ఊరికే వచ్చినట్టే. పాసున్న రోజుల్లో నేను ఒక్క స్టాపు దూరానికి కూడా బస్సెక్కేవాణ్ణి (నడకంటే బద్ధకం కూడా కొంత ఉందనుకోండి).

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. బస్సుల్లో వాళ్ల సంఖ్య బాగా పెరిగింది. అయితే వాళ్లు వేసుకునే లెక్క ఛార్జీతో తీరేది కాదు. స్టాపులో దీపం వెలుగుతుందా? చీకటిపడ్డాక ఇంటిదాకా సందు ఎలా ఉంటుంది? మా క్లాసులో ఒకమ్మాయి ఏడు దాటాక లైబ్రరీలో కూర్చోదు. "నాకు బస్సంటే భయం లేదు, స్టాపంటేనే" అంటుంది. పరీక్షల ముందు రోజుకి రెండు గంటల చదువు ఆ స్టాపు తినేస్తోందన్నమాట! మేం మగపిల్లలం ఈ లెక్క ఎప్పుడూ వేసుకోలేదు.

అన్నిటికంటే మొండిది అలవాటు. 1998లో జపానులో ఒసాకా, సకాయి నగరాల మధ్య ఎక్స్‌ప్రెస్ రోడ్డును ఎనిమిది రోజులు మూసేశారు. కార్లవాళ్లలో కొందరు విధిలేక రైళ్లూ బస్సులూ ఎక్కారు. రోజూ కారు నడిపేవాళ్లు ఆ ప్రయాణం అసలు పట్టే సమయం కంటే ఎక్కువ పడుతుందని ఊహించుకుంటూ వచ్చారని పరిశోధకులు కనుక్కున్నారు. ఎక్కి చూశాక అంచనా దిద్దుకున్నవాళ్లలో కొందరు రోడ్డు తెరిచాక కూడా రైలును, బస్సును వదల్లేదు.

కాలేజీలో చేరిన మొదటి నెల కూడా అలాంటిదే. దారి కొత్త, వేళలు కొత్త, ఏ అలవాటూ ఇంకా కుదురుకోలేదు. కుర్రాడికి పాసు ఆ నెలలోనే చేతికందాలి. ఆలస్యమైతే ఈలోగా ఇంట్లోవాళ్లు బండి కొనిచ్చేస్తారు.