అమ్మమ్మ గుర్తు ఒంట్లో ఎక్కడుంటుంది?

మీ ముక్కు అచ్చం అమ్మమ్మదే అని చుట్టాలంటారు. దానికంటే గట్టి గుర్తు మైటోకాండ్రియాలో ఉంటుంది. కణాలకు శక్తినిచ్చే ఈ భాగాలకు 37 జన్యువులతో సొంత డీఎన్‌ఏ ఉంది. వీర్యకణంతో వచ్చినవి అండంలో నశిస్తాయి కాబట్టి, అమ్మమ్మదే అమ్మ ద్వారా మీకు దాదాపు మారకుండా అందుతుంది.

అర్జెంటీనాలో 1976-83 మధ్య సైనిక పాలకులు వేలమందిని మాయం చేశారు. వాళ్ల పసిబిడ్డలను ఎవరెవరి ఇళ్లకో ఇచ్చేశారు. తల్లిదండ్రులే లేకపోతే బిడ్డ ఎవరిదో తేలేదెలా? అమ్మమ్మలు, నాయనమ్మలు వెతుకులాట మానలేదు. 1984లో అమెరికా జన్యుశాస్త్రవేత్త మేరీ-క్లెయిర్ కింగ్ వాళ్లకు తోడయ్యారు. అమ్మమ్మ మైటోకాండ్రియా డీఎన్‌ఏనూ బిడ్డదీ పోల్చారు. ఇలాంటి పరీక్షలతో ఎందరో మనవలు సొంతవాళ్లను చేరారు.

నాయనమ్మలు అలగక్కర్లేదు: ఆడపిల్లకు తండ్రి ఇచ్చే ఎక్స్ క్రోమోజోమ్ దాదాపు మొత్తం నాయనమ్మ నుంచి వచ్చిందే!