కుట్టు మిషన్ నుంచి ఇంటర్న్‌షిప్ దాకా: ఫ్యాషన్ డిజైన్ చదువులో అసలు ఏం జరుగుతుంది?

ఈ మధ్య మెసేజ్‌లలో ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. "అన్నా, ఇంటర్ అయిపోయింది. ఫ్యాషన్ డిజైన్ చేద్దామనుకుంటున్నా. ఇంట్లోనేమో బట్టలు కుట్టడానికి డిగ్రీ ఎందుకు అంటున్నారు. ఏం చెప్పమంటారు?" ఇందులో సగం మెసేజ్‌లు మన ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు నుంచే.

నేను బీటెక్ చేసినవాణ్ణి. కోడ్ గురించి అడిగితే గంటసేపు చెప్తా, జాకెట్ కత్తిరించమంటే చేతులెత్తేస్తా. అందుకే భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఒక ఊరి నుంచి వచ్చి, హైదరాబాద్‌లో ఫ్యాషన్ డిజైన్ చివరి ఏడాది చదువుతున్న ఒక చెల్లితో కూర్చుని మాట్లాడాను. పేరు, కాలేజీ చెప్పొద్దంది, కాబట్టి చెప్పను. తను చెప్పినవాటికి నేను చదివి తెలుసుకున్నవి కొన్ని కలిపి ఈ ఎపిసోడ్ చేస్తున్నా. ఇంట్లో వాళ్ళకి కూడా వినిపించండి.

లోపలికి దారులు ఎన్ని?

ఫ్యాషన్ చదువు అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు నిఫ్ట్. 1986లో ఢిల్లీలో మొదలైంది. హైదరాబాద్ క్యాంపస్ 1995లో వచ్చింది, మాదాపూర్‌లో ఉంటుంది. నాలుగేళ్ళ బీడిజైన్‌కి ఇంటర్‌లో ఏ గ్రూప్ అయినా పర్వాలేదు. ఎంపీసీనే ఉండాలి అని ఎవరన్నా చెప్తే నమ్మకండి. క్రియేటివ్ ఎబిలిటీ టెస్ట్, జనరల్ ఎబిలిటీ టెస్ట్ అని రెండు పరీక్షలుంటాయి. వాటిలో నెగ్గితే సిచ్యుయేషన్ టెస్ట్. అక్కడ కొన్ని వస్తువులిచ్చి, ఒక సందర్భం చెప్పి, చేత్తో మోడల్ చేయమంటారు. అందులో ఇంగ్లీష్ కంటే చేతులకే ఎక్కువ పని.

కానీ నిఫ్ట్‌లో ఫీజు నాలుగేళ్ళకి లక్షల్లో ఉంటుంది. అందరికీ అది కుదరదు. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో గార్మెంట్ టెక్నాలజీ డిప్లొమా చేయొచ్చు. ఐటీఐలో సూయింగ్ టెక్నాలజీ అని ఏడాది ట్రేడ్ ఉంది. ఈ దారులు చిన్నవేమీ కావు. ఫ్యాక్టరీలో మిషన్ తెలిసినవాళ్ళకి ఉండే విలువ వేరు.

మరి టైలర్‌కీ డిజైనర్‌కీ తేడా ఏంటి?

ఈ చెల్లి వాళ్ళమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. టేపుతో కొలుస్తుంది, సుద్దతో నేరుగా గుడ్డ మీద గీస్తుంది, కత్తెర పెడుతుంది. కాగితం లేదు, లెక్క రాయడం లేదు. మొత్తం బుర్రలోనే. జాకెట్ మాత్రం చక్కగా సరిపోతుంది.

కాలేజీలో మొదటి ఏడాది ప్యాటర్న్ మేకింగ్ క్లాసులో ఈ అమ్మాయి కూడా అలాగే నేరుగా గుడ్డ మీద గీసేసిందట. టీచర్ ఆపేసింది. ముందు కాగితం మీద బేసిక్ బ్లాక్ గీయాలి. ముందు భాగం, వెనక భాగం, చెయ్యి, దేనికది. డార్ట్ ఎక్కడ, కుట్టుకి ఎంత వదలాలి, గుడ్డ పోగు ఏ వైపు పోవాలి, ప్రతిదీ రాయాలి. తర్వాత కోరా గుడ్డతో కుట్టి, బొమ్మకి తొడిగి, తేడా వస్తే విప్పి, కాగితం సరిదిద్ది, మళ్ళీ కుట్టాలి. ఒక్కో డిజైన్‌కి మూడు నాలుగు సార్లు.

ఎందుకింత గోల? మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్తా. వాళ్ళమ్మ ఒక మనిషికి ఒక జాకెట్ కుడుతోంది. డిజైనర్ గీసిన ప్యాటర్న్‌ని ఎక్కడో తిరుప్పూర్‌లోనో బెంగళూరులోనో తెలియని మనిషి చూసి, స్మాల్ నుంచి డబుల్ ఎక్సెల్ దాకా వేల ముక్కలు కత్తిరించాలి. పక్కన నిలబడి చెప్పడానికి డిజైనర్ ఉండదు. అంటే కాగితమే మాట్లాడాలి. బుర్రలో ఉన్న విద్యని ఇంకొకరు తప్పు లేకుండా చేయగలిగేలా రాయడం, డిగ్రీలో నేర్పేది ముఖ్యంగా ఇదే. మీ ఇంట్లో అడిగే ప్రశ్నకి ఇది నిజాయితీగా చెప్పగల జవాబు.

అలాగని అమ్మ విద్య తక్కువ అనుకోకండి. మన ఊళ్ళలో క్రాస్ కట్ జాకెట్ అంటారు కదా. గుడ్డని పోగుకి నేరుగా కాకుండా ఏటవాలుగా వేసి కత్తిరిస్తారు. అలా చేస్తే గుడ్డ కొంచెం సాగుతుంది, ఒంటికి పట్టినట్టు కూర్చుంటుంది. 1920లలో ప్యారిస్‌లో మడెలీన్ వియొన్నే అనే డిజైనర్‌కి ప్రపంచమంతా పేరు తెచ్చిన బయాస్ కట్ కూడా ఇదే సూత్రం. ఆ పాఠం క్లాసులో వచ్చిన రోజు, చుట్టుపక్కల వాళ్ళు నోట్స్ రాసుకుంటుంటే తను మాత్రం నవ్వుకుందట, ఇది మా అమ్మ రోజూ చేసేదే కదా అని.

గుడ్డ గురించి చదవడం

బొమ్మలు గీయడం కూడా ఉంటుంది. మామూలు మనిషి ఎత్తు తల కొలతకి ఏడున్నర రెట్లు ఉంటే, ఫ్యాషన్ స్కెచ్‌లో తొమ్మిది పది రెట్లు గీస్తారు. అందుకే ఆ బొమ్మలకి కాళ్ళు అంత పొడుగ్గా ఉంటాయి. అయితే ఈ చెల్లికి ఎక్కువ నచ్చింది టెక్స్‌టైల్ సైన్స్. ఖమ్మం మార్కెట్ యార్డుకి పత్తి రావడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాం కానీ, ఆ పత్తి నూలై, పడుగు పేకలై, గుడ్డ ఎలా అవుతుందో మనలో ఎంతమందికి తెలుసు?

ల్యాబ్‌లో పోగుని కాల్చి చూస్తారు. నూలు పోగు కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది. అసలు పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అవుతుంది. ఇంట్లో చీర కొంగు మీద ప్రయోగం చేయకండి బాబోయ్, ఒక్క పోగు లాగి, జాగ్రత్తగా పట్టకారుతో పట్టుకుని చేయాలి.

తర్వాత చేనేత ఊళ్ళకి తీసుకెళ్తారు. వీళ్ళ బ్యాచ్ భూదాన్ పోచంపల్లి వెళ్ళింది. అక్కడ గుడ్డ నేశాక రంగు వేయరు. నేయకముందే పోగుల మీద ముడులు కట్టి రంగు అద్దుతారు. దానికంటే ముందు ఆసు పోయాలి, అంటే దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9000 సార్లు ఆడాలి, నాలుగైదు గంటల పని. వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. ఆ మగ్గం ముందు కూర్చున్నాక, కంప్యూటర్‌లో ఒక్క క్లిక్‌తో రంగు మార్చేముందు తను రెండుసార్లు ఆలోచిస్తానంది. స్క్రీన్ మీద అన్‌డూ ఉంది, మగ్గం మీద లేదు.

మన ఊరి గుర్తుని వాడుకోవచ్చా?

రెండో ఏడాదిలో ఒక అసైన్‌మెంట్ వచ్చింది. మీ ప్రాంతపు కళ నుంచి ఒక కలెక్షన్ చేయండి అని. భద్రాచలం అడవుల్లో కోయలకి పడిగె ఉంటుంది. ఇలవేల్పుల, వంశాల కథలు బొమ్మలుగా ఉండే పొడవాటి గుడ్డ. దాన్ని ముందు పెట్టుకుని డోలీ కోయలు కథ పాడతారు. మణుగూరు వైపు డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది, గుర్తుండే ఉంటుంది.

క్లాసులో అందరూ ఆ బొమ్మలు కుర్తీ మీద వేస్తే అదిరిపోతుంది, మార్కులు ఖాయం అన్నారు. ఈ అమ్మాయి సెలవుల్లో ఊరెళ్ళి పెద్దవాళ్ళని అడిగింది. వాళ్ళు వద్దన్నారు. పండక్కి బయటికి తీసి మొక్కే వేల్పుని, మనిషి ఒంటి మీద వేసుకుని బజార్లో తిరగడానికి ఎలా ఇస్తాం అన్నారు. తను ఆ ఆలోచన వదిలేసి, ఊళ్ళో దొరికే మోదుగ పూలతో, పటిక వేసి నూలుగుడ్డకి పసుపు రంగు అద్ది కలెక్షన్ చేసింది. మార్కులు కొంచెం తగ్గాయట. కానీ ఊళ్ళో తల దించుకునే పని చేయలేదు అంది. డిజైన్ చదివేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఫోన్‌లో ఫోటో దొరికింది కదా అని ప్రతి బొమ్మా మనది అయిపోదు.

ఇంటర్న్‌షిప్: అసలు పరీక్ష ఇక్కడే

చాలా కాలేజీల్లో మూడో ఏడాది తర్వాత కొన్ని వారాలు ఇంటర్న్‌షిప్, చివరి సెమిస్టర్‌లో గ్రాడ్యుయేషన్ ప్రాజెక్ట్ ఉంటాయి. తను రెండు చోట్ల చేసింది.

మొదటిది బట్టలు ఎగుమతి చేసే ఫ్యాక్టరీ, శాంప్లింగ్ డిపార్ట్‌మెంట్. మొదటి రెండు వారాలు చేసిన పని ఒక్కటే, టేపు పట్టుకుని శాంపిల్స్ కొలవడం. ఛాతీ, పొడవు, చెయ్యి, మెడ. షీట్‌లో ఉన్న కొలతకీ చేతిలో ఉన్న చొక్కాకీ తేడా ఎంత, అది ఒప్పుకునే హద్దులో ఉందా లేదా? విసుగొచ్చిందట. మూడో వారంలో టెక్ ప్యాక్ చేతికిచ్చారు. మా భాషలో రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ అనుకోండి. గుడ్డ బరువు, దారం, గుండీ, కుట్టు రకం, కొలతలు, అన్నీ అందులోనే. అప్పటిదాకా కొలిచిన కొలతలన్నీ ఎందుకో అప్పుడు అర్థమైంది. స్టైపెండ్ తక్కువే, కానీ పని నేర్పారు.

రెండోది ఒక బొటీక్. స్టైపెండ్ లేదు, ఎక్స్‌పోజర్ వస్తుంది అన్నారు. వచ్చిన పనేంటంటే, లేసుకి మ్యాచింగ్ వెతుకుతూ బజారు తిరగడం, కొరియర్ ప్యాకింగ్, రాత్రి తొమ్మిది దాకా రీల్స్ షూట్. కత్తెర పట్టుకున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. హాస్టల్‌కి నెలకి 6000 అనుకుందాం. ఊళ్ళో ఒక జాకెట్ కుడితే 150 అనుకుందాం. జీతం లేని ఒక్క నెల అంటే అమ్మ 40 జాకెట్లు కుట్టాలి. హైదరాబాద్‌లో సొంత ఇల్లున్న పిల్లకి ఫ్రీ ఇంటర్న్‌షిప్ నిజంగా ఫ్రీ. మన వైపు నుంచి వెళ్ళిన పిల్లకి అది అప్పు. భద్రాచలంలో రైలు కూడా లేదు, భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. రోజూ ఇంటి నుంచి వెళ్ళొచ్చే మాట లేనే లేదు.

అందుకే చేరేముందు ఈ ఐదు విషయాలు అడగండి, జవాబు మెయిల్‌లో తీసుకోండి:

1. ఏ డిపార్ట్‌మెంట్, నాకు పని చెప్పేది ఎవరు?
2. స్టైపెండ్ ఉందా, లేకపోతే కనీసం ప్రయాణం, భోజనం ఇస్తారా?
3. పని వేళలేంటి, రాత్రి ఆలస్యమైతే ఎలా వెళ్ళాలి?
4. నేను చేసిన పనిని పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా?
5. సర్టిఫికెట్ ఏ తేదీకి ఇస్తారు, అందులో ఏం రాస్తారు?

అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. నేర్పే ఉద్దేశం ఉన్నవాళ్ళు చెప్తారు. ఇంకో మాట, ముఖ్యంగా అమ్మాయిలకి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఇంటర్న్‌లకి, ట్రైనీలకి కూడా వర్తిస్తుంది. జీతం లేదు కాబట్టి నీకు హక్కు లేదు అని ఎవరన్నా అంటే అది అబద్ధం. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి.

చదివాక ఏమవుతారు?

అందరూ సొంత బ్రాండ్ పెట్టరు. ప్యాటర్న్ మేకర్, మర్చండైజర్, క్వాలిటీ, క్యాడ్, ఇలా చాలా ఉద్యోగాలు పేరు బయటికి రానివే. వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్క్‌కి కైటెక్స్, యంగ్‌వన్ లాంటి కంపెనీలు వచ్చాయి, మనకి అది హైదరాబాద్ కంటే దగ్గర. సినిమా వైపు చూస్తే, 2018లో వచ్చిన 'మహానటి'కి కాస్ట్యూమ్ డిజైన్‌లో జాతీయ అవార్డు వచ్చింది. చేనేత చీరలకి పేరున్న మన హైదరాబాద్ డిజైనర్ గౌరంగ్ షా కూడా ఆ అవార్డు అందుకున్నవాళ్ళలో ఒకరు.

లక్షల్లో ఫీజు కట్టేముందు ఒక పని చేయండి, ఖర్చు సున్నా. ఇంట్లో పాత చొక్కా ఒకటి తీసుకుని కుట్లన్నీ విప్పండి. ఒక్కో ముక్కని న్యూస్‌పేపర్ మీద పెట్టి గీయండి. దాన్ని చూసి వేరే గుడ్డ కత్తిరించి మళ్ళీ చొక్కా కుట్టండి. పక్కింటి టైలర్ అన్ననో అక్కనో సాయం అడగండి. ప్రతి అడుగూ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి, మీ పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ అదే. మూడోసారి విప్పుతున్నప్పుడు కూడా ఎక్కడ తేడా కొట్టిందో చూద్దాం అనిపిస్తే, ఈ చదువు మీకు పడుతుంది. రెండోసారికే మిషన్ మూసేయాలనిపిస్తే అదీ మంచిదే, లక్షలు మిగిలాయి.

ఈ చెల్లి ఇప్పుడు గ్రాడ్యుయేషన్ ప్రాజెక్ట్‌లో ఉంది. క్రాస్ కట్ జాకెట్ మీదే చేస్తోంది. అమ్మ బుర్రలో ఉన్న కొలతలన్నీ మొదటిసారి కాగితం మీదకి ఎక్కుతున్నాయి.

మీలో ఎవరైనా ఇంటర్న్‌షిప్‌లో ఉంటే ఆ ఐదు ప్రశ్నల్లో ఎన్నింటికి జవాబు దొరికిందో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త, బాయ్.