మనల్ని నిలబెట్టే ఎముకలు



తెల్లారింది మొదలు మనం ఎన్ని పనులు చేస్తాం! బిందె నెత్తిన పెట్టుకుంటాం. బిడ్డను చంకన వేసుకుంటాం. వంగి శెనక్కాయ చేలో కలుపు తీస్తాం. ఈ పనులన్నీ ఎవరి బలంతో చేస్తున్నాం? రెక్కల బలం, నడుం బలం అంటాం. ఆ రెక్కలకూ నడుముకూ ఆధారం లోపలున్న ఎముకలు. వాటినే బొమికలు అని కూడా అంటాం.

అనంతపురం పల్లెల్లో ఈ మాటలు తరచుగా వింటుంటాం.

"నడుం పట్టుకుపోయింది. వంగితే లేవలేను. మెడ తిప్పలేను" అంటుంది అత్త.

"వయసు మీద పడింది గదా అత్తా!" అంటుంది కోడలు.

కోడలి మాట నిజమే కావచ్చు. కానీ ప్రతిసారీ తప్పు వయసుది కాదు. కొన్ని ఊళ్లలో తప్పు తాగే నీళ్లది. నీళ్లకూ ఎముకలకూ ఏమి సంబంధం? అది తెలియాలంటే ముందు ఎముకల సంగతి తెలుసుకుందాం.

ఇంటికి గుంజలు, ఒంటికి ఎముకలు

కొట్టం వేసేటప్పుడు ముందు గుంజలు పాతుతాం. వాటిమీద దూలం వేస్తాం. ఆ తర్వాతే బోద కప్పుతాం. గుంజలు లేకుంటే కొట్టం నిలబడదు. ఎముకలు లేకుంటే మన ఒళ్లూ నిలబడదు. ఎముకలన్నీ కలిసిన చట్రాన్ని అస్థిపంజరం అంటారు.

పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలు ఉంటాయి. పుట్టిన బిడ్డకు ఇంకా ఎక్కువ, 270 దాకా ఉంటాయి. పెరిగేకొద్దీ కొన్ని ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. పసిబిడ్డ నడినెత్తిన మెత్తని మాడు చూశారు కదా? అక్కడ పుర్రె ఎముకలు ఇంకా కలవలేదన్నమాట. అందుకే కాన్పులో తల కొంచెం ఒదిగి బయటికి రాగలుగుతుంది.

ఇప్పుడు మీ ఒంటినే తడిమి చూడండి. తల గట్టిగా ఉంది. అది పుర్రె. లోపలున్న మెదడును కాపాడుతుంది. రొమ్ముకు రెండు పక్కలా పక్కటెముకలు తగులుతాయి. అవి 12 జతలు. గుండెకూ ఊపిరితిత్తులకూ అవి గంప కప్పినట్లు కాపలా ఉంటాయి. వీపు నడుమ గుండ్లు గుండ్లుగా తగిలేవి వెన్నుపూసలు. పూసలను దారానికి గుచ్చినట్లు ఇవి ఒకదాని కింద ఒకటి ఉంటాయి. వాటి నడుమ బెజ్జంలో వెన్నుపాము ఉంటుంది. మెదడు చెప్పే మాట కాళ్లకూ చేతులకూ వెళ్లే దారి అదే.

అన్నిటికంటే పెద్దది తొడ ఎముక. అన్నిటికంటే చిన్నది చెవి లోపల ఉంటుంది. అది బియ్యపు గింజకన్నా చిన్నది. ఒక్కొక్క చేతిలో మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా 27 ఎముకలు. అన్ని ఉన్నాయి కాబట్టే మనం పూలు అల్లగలం, బలపం పట్టి అక్షరం దిద్దగలం.

రెండు ఎముకలు కలిసే చోటు కీలు. మోచేయి, మోకాలు తలుపు బందులాగా మడుస్తాయి. భుజం, తుంటి అలా కాదు. రోటి గుంటలో గుండు తిరిగినట్లు అన్ని వైపులకూ తిరుగుతాయి. గట్టి పట్టీలు ఎముకలను ఒకదానితో ఒకటి కట్టి ఉంచుతాయి.

ఎముకల నడుమ మూలుగ ఉంటుంది. మన ఒంట్లో నెత్తురు కణాలు తయారయ్యేది అక్కడే.

ఎముక రాయి కాదు

ఎముక గట్టిగా ఉంటుంది కాబట్టి రాయిలాంటిదని అనుకుంటాం. అది తప్పు. ఎముకకు ప్రాణం ఉంది.

మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో గడ్డి కలిపి తొక్కుతాం. మట్టి గట్టిదనం ఇస్తుంది. గడ్డి పట్టు ఇస్తుంది. ఎముక కూడా అంతే. కాల్షియం, అంటే సున్నంలో ఉండే సత్తువ, మట్టిలాగా గట్టిదనం ఇస్తుంది. మాంసకృత్తుల పోగులు గడ్డిలాగా పట్టు ఇస్తాయి. కోడి ఎముకను పొయ్యిలో బాగా కాల్చి చూడండి. పోగులు కాలిపోతాయి. ఎముక వేళ్ల మధ్యనే పొడి అవుతుంది.

మన ఎముకల్లో రోజూ పాతది కొంచెం కరుగుతుంది. ఆ చోట కొత్తది చేరుతుంది. పదేళ్లకొకసారి ఎముకలన్నీ దాదాపు కొత్తవైపోతాయి. విరిగిన ఎముక అతుక్కునేది కూడా ఇందుకే. పుత్తూరు కట్టయినా, ఆసుపత్రిలో వేసే సిమెంటు కట్టయినా ఎముకను కదలకుండా ఉంచుతుంది. అతికించుకునేది ఎముకే. అయితే ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చినా, మెడకూ వెన్నుకూ దెబ్బ తగిలినా కట్టు కోసం తిరగకూడదు. నేరుగా ఆసుపత్రికి పోవాలి.

కొత్త ఎముక దేనితో తయారవుతుంది? మనం తిన్నదానితో, తాగినదానితో. మంచిది తింటే మంచి ఎముక. చెడ్డది తాగితే చెడ్డ ఎముక.

తల్లి ఎముకల నుంచి బిడ్డకు

కడుపులో బిడ్డకు ఎముకలు పెరగాలంటే కాల్షియం కావాలి. తర్వాత పాలలో కూడా కావాలి. తల్లి తినే తిండిలో చాలకపోతే అది తల్లి ఎముకల నుంచే పోతుంది. ముట్లు ఆగిపోయాక ఆడవాళ్ల ఎముకలు మరింత తొందరగా పలుచబడతాయి. అందుకే అవ్వలు చిన్నగా జారిపడినా తుంటి విరుగుతుంది.

ఆడమనిషికి రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల తెల్లబియ్యంలో ఉండేది 10 మిల్లీగ్రాములే. అంతే తూకం పాలలో 120 ఉంటుంది. అంతే తూకం రాగుల్లో 350 దాకా ఉంటుంది! మన రాగి సంగటి పేదల తిండి అని చిన్నచూపు చూడకండి. మునగాకు, నువ్వులు కూడా మంచివి. ఒంటికి ఎండ తగిలితే ఈ కాల్షియం బాగా పడుతుంది. గర్భిణులకు ఆసుపత్రిలో ఇచ్చే కాల్షియం మాత్రలు వదలకుండా వేసుకోవాలి. ఐరన్ మాత్రను, కాల్షియం మాత్రను ఒకేసారి మాత్రం మింగకూడదు.

నీళ్లలో కనబడని కీడు

ఇక నీళ్ల సంగతి. మన అనంతపురం వైపు ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే. చెరువులు నిండవు. బావులు ఎండిపోయాయి. ఏటేటా బోరు లోతుకు వేస్తున్నాం. లోపల ఉన్నది నల్లరాయి. ఆ రాళ్లలో ఫ్లోరైడ్ అనే పదార్థం ఉంటుంది. నీళ్లు చాలాకాలం రాళ్ల సందుల్లో నిలిస్తే అది నీటిలోకి దిగుతుంది. కదిరి వైపు బోర్లలో ఇది ఎక్కువగా కనబడింది. ఆ ప్రాంతం 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఫరవాలేదని మన దేశపు ప్రమాణం చెబుతుంది. అంతకు మించితే ఏమవుతుంది? కాల్షియంతో పాటు ఫ్లోరైడ్ కూడా ఎముకలో చేరుతుంది. ఏళ్ల తరబడి పేరుకుంటుంది. ఎముక బిరుసెక్కుతుంది. కీళ్ల దగ్గర పట్టీలు కూడా ఎముకలాగా గట్టిపడతాయి. విడివిడిగా కదలాల్సిన వెన్నుపూసలు ఒకే కడ్డీలాగా అతుక్కుంటాయి. అప్పుడు నడుం వంగదు, మెడ తిరగదు. వెన్నుపాము నలిగితే కాళ్లు పడిపోతాయి. ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్.

ఇది కొత్త జబ్బు కాదు. 1937లోనే నెల్లూరు జిల్లాలో దీన్ని డాక్టర్లు గుర్తించి రాశారు. నల్లగొండ జిల్లాలో ఎందరో దీనితో వంకర్లు తిరిగారు.

పిల్లల్లో ముందుగా పళ్లు చెబుతాయి. పళ్లమీద సుద్ద మచ్చలు, పసుపు గీతలు, గోధుమ రంగు చారలు వస్తాయి. ఎంత తోమినా పోవు. పెద్దవాళ్లకు మూడు పరీక్షలు ఉన్నాయి. గడ్డం రొమ్ముకు ఆనించగలరా? మోకాళ్లు మడవకుండా వంగి కాలివేళ్లు అందుకోగలరా? రెండు చేతులూ తల వెనక్కు పెట్టగలరా? చేయలేకపోతే డాక్టరుకు చూపించండి. చేయలేనంత మాత్రాన ఫ్లోరోసిస్ అని కాదు. కానీ అనుమానించాలి.

మనం ఏం చేయగలం?

గట్టిగా బిరుసెక్కిన ఎముకను తిరిగి మామూలుగా చేసే మందు లేదు. అందుకే రాకముందే ఆపాలి. నీళ్లు మారిస్తే జబ్బు ముదరకుండా ఆగుతుంది.

నీళ్లు కాచి తాగితే చాలదు. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. తేటగా, తియ్యగా ఉన్నాయని నమ్మకూడదు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో నీళ్లు పరీక్ష చేస్తారు. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలని నియమం ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరు? లేకపోతే మీరే ముందుకు రండి.

చెడ్డదని తేలిన బోరుకు ఎర్రరంగు పూయించండి. ఆ నీళ్లు బట్టలుతకడానికి, గిన్నెలు తోమడానికి వాడుకోవచ్చు. తాగడానికి, వండడానికి మాత్రం వద్దు. వాన నీళ్లలో, చెరువు నీళ్లలో ఫ్లోరైడ్ తక్కువ. వాటిని శుభ్రం చేసుకుని వాడుకోవచ్చు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్లగొండ పద్ధతి అని పేరు. నీటిని పరీక్షించాకే ఏది ఎంత వేయాలో తెలుస్తుంది. అంచనాతో వేయకూడదు.

అనంతపురం జిల్లాలో 1995లో సత్యసాయి నీటి పథకం మొదలైంది. దానితో 731 ఊళ్లకు పైపుల ద్వారా నీళ్లు వచ్చాయి. బోరు నీళ్లే గతి అనుకున్న చోట్లకు మంచి నీళ్లు తేవచ్చని అది చూపించింది. మీ కొళాయి రాకపోతే, పైపు పగిలితే ఊరుకోకండి. గ్రామసభలో లేచి అడగండి.

ఇప్పుడు అత్తా కోడళ్లు మళ్లీ మాట్లాడుకుంటే ఎలా ఉంటుంది?

"నడుం పట్టుకుపోయింది" అంటుంది అత్త.

"రేపు ఆసుపత్రికి పోదాం అత్తా. పోతూ మన బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకుపోదాం" అంటుంది కోడలు.

ఆలోచించండి, చర్చించండి

1. మీరు తాగే నీళ్లు ఎక్కడివి? వాటిని ఎప్పుడైనా పరీక్ష చేశారా?
2. మీ ఊళ్లో ఎంతమంది పిల్లల పళ్లకు చారలున్నాయి?
3. నిన్న మీరు తిన్న తిండిలో ఎముకలకు బలమిచ్చేవి ఏవి?